వీసా ఉన్నా బోర్డర్‌లో ఎందుకు ఆపుతారు? బ్యాక్‌ప్యాకింగ్‌కి వెళ్లే ముందు ఇవి తెలుసుకోండి..

బ్యాంకాక్‌కి ఫ్లైట్ టికెట్ బుక్ అయింది. అక్కడి నుంచి రైల్లో లావోస్ బోర్డర్ వరకు, ఆ తర్వాత బస్సులో వియత్నాం.. చివరికి హనోయ్ నుంచి ఫ్లైట్‌లో మళ్లీ బ్యాంకాక్, అక్కడి నుంచి ఇంటికి. వీపు మీద ఒక బ్యాగ్, చేతిలో పాస్‌పోర్ట్, ఫోన్‌లో మ్యాప్. రీల్స్‌లో చూస్తే ఇదంతా చాలా ఈజీగానే కనిపిస్తుంది.

కానీ రీల్స్‌లో కనిపించని సీన్ ఒకటుంది. పొద్దున్నే కొండల మధ్య ఉన్న ఒక చెక్‌పోస్ట్ దగ్గర బస్సు ఆగుతుంది. అందరి పాస్‌పోర్టుల మీదా స్టాంప్ పడుతుంది. మీది మాత్రం పక్కన పెడతారు. "ఈ గేటు దగ్గర మీ ఈ-వీసా చెల్లదు" అంటారు. వెనకున్న దేశం నుంచి అప్పటికే బయటికి వచ్చేశారు. ముందున్న దేశం లోపలికి రానివ్వట్లేదు. బస్సు మాత్రం మీకోసం ఆగదు.

వీసా ఫీజు కట్టారు, వీసా కూడా వచ్చింది. మరి తప్పు ఎక్కడ జరిగింది? అసలు వీసా అంటే ఏంటి, బోర్డర్‌లో ఏం జరుగుతుంది, మనవాళ్లు ఎక్కువగా ఎక్కడ ఇరుక్కుంటున్నారు? ఒక్కొక్కటిగా చూద్దాం.

వీసా అంటే ఎంట్రీ కాదు

చాలామంది పొరపడేది ఇక్కడే. వీసా వచ్చిందంటే ఆ దేశంలోకి వెళ్లే హక్కు వచ్చేసినట్టు అనుకుంటారు. నిజానికి వీసా అనేది ఆ దేశం గుమ్మం దాకా వెళ్లడానికి ఇచ్చే అనుమతి మాత్రమే. లోపలికి రానివ్వాలా వద్దా, ఎన్ని రోజులు ఉండనివ్వాలి అనేది అక్కడి ఇమిగ్రేషన్ ఆఫీసర్ తేలుస్తారు. పాస్‌పోర్ట్ మీద ఆయన వేసే ఎంట్రీ స్టాంపే అసలు అనుమతి.

'వీసా ఫ్రీ' దేశాలకీ ఇదే రూల్. వీసా అక్కర్లేదంటే ముందుగా అప్లై చేయక్కర్లేదని అర్థం. కౌంటర్ దగ్గర ప్రశ్నలు ఉండవని కాదు. రిటర్న్ టికెట్ ఏది, ఎక్కడ ఉంటారు, ఖర్చులకు డబ్బు ఉందా అని అడిగితే చూపించాల్సిందే.

అంతకంటే ముందు ఎయిర్‌లైన్ కౌంటర్ దగ్గర ఒక చెక్ ఉంటుంది. అవతలి దేశం ఎంట్రీ ఇవ్వకపోతే ఆ ప్రయాణికుడిని వెనక్కి తీసుకురావాల్సింది ఎయిర్‌లైనే. అందుకే సరైన పేపర్లు లేకపోతే బోర్డింగ్ పాస్ ఇవ్వరు. వన్‌వే టికెట్ మీద వెళ్లే బ్యాక్‌ప్యాకర్లకు ఇబ్బంది ఇక్కడే మొదలవుతుంది. ఆ దేశం నుంచి బయటికి వెళ్లే టికెట్ ఏదో ఒకటి చేతిలో ఉండాలి. ఆన్‌లైన్‌లో దొరికే 'డమ్మీ టికెట్'ను నమ్ముకుంటే, అక్కడ పీఎన్‌ఆర్ చెక్ చేసినప్పుడు దొరికిపోతారు.

నాలుగు రకాలు.. నాలుగు రకాల లెక్కలు

టూరిస్టులకు ఎదురయ్యేవి ప్రధానంగా నాలుగు పద్ధతులు.

1. వీసా ఫ్రీ: ముందుగా ఏమీ అక్కర్లేదు. కానీ ఇప్పుడు చాలా దేశాలు ఆన్‌లైన్ అరైవల్ కార్డ్ అడుగుతున్నాయి. థాయ్‌లాండ్‌నే తీసుకుంటే 2025 మే 1 నుంచి డిజిటల్ అరైవల్ కార్డ్ తప్పనిసరి. విమానంలో వెళ్లినా, రోడ్డు మీద వెళ్లినా నింపాల్సిందే. దీనికి ఫీజు లేదు. ఎవరైనా డబ్బు అడిగితే అది ప్రైవేట్ సైట్ అని అర్థం.

2. వీసా ఆన్ అరైవల్: అక్కడికి వెళ్లాక తీసుకునేది. ఫీజు, ఫొటో, ఫారం అక్కడే ఇవ్వాలి. కొన్ని చోట్ల ఫీజు డాలర్లలోనే కట్టాలి. చిరిగిన, గీతలున్న నోట్లు తీసుకోరు. పైగా ఈ సౌకర్యం అన్ని బోర్డర్లలో ఉండదు.

3. ఈ-వీసా: ఆన్‌లైన్‌లో అప్లై చేస్తే మెయిల్‌కి పీడీఎఫ్ వస్తుంది. ప్రింట్ తీసుకుని పెట్టుకోవడం మంచిది. దీన్ని ఏయే ఎయిర్‌పోర్టుల్లో, ఏయే చెక్‌పోస్టుల్లో ఒప్పుకుంటారో ఒక లిస్ట్ ఉంటుంది. ఆ లిస్టులో లేని గేటుకి వెళ్తే ఆ కాగితం చెల్లదు.

4. స్టిక్కర్ వీసా: ఎంబసీ లేదా వీసా సెంటర్ ద్వారా పాస్‌పోర్ట్ మీద అంటించి ఇచ్చేది. షెంగెన్ వీసా ఈ రకమే. అపాయింట్‌మెంట్, వేలిముద్రలు, బ్యాంక్ స్టేట్‌మెంట్లు, ఇన్సూరెన్స్.. ఇవన్నీ కావాలి. షెంగెన్‌కి కనీసం 30 వేల యూరోల కవరేజ్ ఉన్న ఇన్సూరెన్స్ తప్పనిసరి. పెద్దవాళ్లకు వీసా ఫీజు 2024 జూన్ నుంచి 90 యూరోలు.

వాలిడిటీ వేరు.. ఉండే రోజులు వేరు

వీసా మీద రెండు లెక్కలు ఉంటాయి. ఒకటి వాలిడిటీ, అంటే ఏ తేదీ నుంచి ఏ తేదీలోపు ఆ వీసా వాడుకోవచ్చో చెప్పేది. రెండోది స్టే, అంటే లోపలికి వెళ్లాక ఎన్ని రోజులు ఉండొచ్చో చెప్పేది. వీసా మూడు నెలలు చెల్లుతుందని రాసి ఉన్నా స్టే 30 రోజులే కావచ్చు. 31వ రోజు అక్కడే ఉంటే అది ఓవర్‌స్టే.

మొదలయ్యే తేదీ కూడా ముఖ్యమే. ఈ-వీసా 10వ తేదీ నుంచి అని ఉంటే 9వ తేదీ రాత్రి బోర్డర్‌కి చేరినా లోపలికి రానివ్వరు. ఒక్క రోజే కదా అని బతిమాలినా లాభం ఉండదు.

ఓవర్‌స్టే చేస్తే ఏమవుతుంది? థాయ్‌లాండ్‌లో అయితే రోజుకి 500 బాత్ జరిమానా, గరిష్ఠంగా 20 వేల బాత్. 90 రోజులు దాటితే తనంతట తాను వచ్చి చెప్పినా మళ్లీ ఆ దేశానికి రాకుండా నిషేధం పడుతుంది. పోలీసుల చెకింగ్‌లో దొరికితే శిక్ష ఇంకా ఎక్కువ. డబ్బు కట్టేస్తే సరిపోతుంది అనుకోవద్దు. పాత ఓవర్‌స్టే రికార్డు తర్వాత వీసా అప్లికేషన్ల మీద కూడా ప్రభావం చూపిస్తుంది.

సింగిల్ ఎంట్రీతో జాగ్రత్త

సింగిల్ ఎంట్రీ వీసా అంటే ఒక్కసారి లోపలికి, ఒక్కసారి బయటికి. బయటికి వచ్చారంటే రోజులు మిగిలున్నా ఆ వీసా అయిపోయినట్టే. ఒకే దేశం చూసి వచ్చేవాళ్లకు ఇది సమస్య కాదు. దేశాలు మారుతూ తిరిగే బ్యాక్‌ప్యాకర్లకే అసలు చిక్కు.

ఉదాహరణకు సింగిల్ ఎంట్రీ షెంగెన్ వీసాతో పారిస్ వెళ్లారనుకుందాం. అక్కడి నుంచి లండన్ చూసి వద్దామనుకుంటే రెండు సమస్యలు. లండన్‌కి బ్రిటన్ వీసా విడిగా ఉండాలి. అది ఉన్నా, లండన్ వెళ్లగానే షెంగెన్ వీసా పూర్తయిపోతుంది. తిరిగి పారిస్ రావడానికి దారి ఉండదు. రిటర్న్ ఫ్లైట్ పారిస్ నుంచి ఉంటే ఆ టికెట్ డబ్బులు పోయినట్టే.

షెంగెన్‌లో మరో లెక్క కూడా ఉంది. ఇందులో 29 దేశాలున్నాయి. అన్నీ కలిపి ఒకటే లెక్క.. ఏ 180 రోజుల్లో చూసినా 90 రోజులకు మించి ఉండకూడదు. జర్మనీలో 60 రోజులు ఉండి ఇటలీకి వెళ్తే అక్కడ మళ్లీ 90 రోజులు రావు, 30 రోజులే మిగులుతాయి. వీసా మీద అంతకంటే తక్కువ రోజులు రాసి ఉంటే అదే ఫైనల్. 2025 అక్టోబర్ 12న యూరప్‌లో కొత్త ఎంట్రీ-ఎగ్జిట్ సిస్టమ్ మొదలైంది. స్టాంపులకు బదులు వేలిముద్రలు, ఫొటో తీసుకుని రోజులను కంప్యూటరే లెక్కపెడుతుంది. స్టాంప్ సరిగ్గా పడలేదు కాబట్టి ఎవరూ చూడరులే అనుకునే రోజులు పోయాయి.

ఒక రూట్‌లో ఎన్ని గేట్లు?

ఇప్పుడు మొదట చెప్పుకున్న ట్రిప్‌కే వద్దాం. థాయ్‌లాండ్, లావోస్, వియత్నాం.. దేశాలు మూడే. కానీ దాటాల్సిన గేట్లు చూడండి.

బ్యాంకాక్: 2024 జులై నుంచి భారతీయులకు 60 రోజుల వీసా ఫ్రీ ఎంట్రీ ఇచ్చారు. ఈ గడువును తగ్గించాలనే చర్చ ఆ తర్వాత నుంచీ అక్కడ నడుస్తోంది. అందుకే పాత వీడియోలు చూసి వెళ్లొద్దు. టికెట్ తీసుకునే రోజు ఒకసారి, బయల్దేరే ముందు ఒకసారి థాయ్ ఎంబసీ సైట్ చూసుకోవాలి.

నాంగ్ ఖాయ్: బ్యాంకాక్ నుంచి రాత్రి రైలెక్కితే పొద్దున్నే ఈ ఊరికి చేరొచ్చు. అవతల మెకాంగ్ నది, దాని మీద 1994లో కట్టిన ఫ్రెండ్‌షిప్ బ్రిడ్జి. ముందుగా థాయ్ కౌంటర్‌లో ఎగ్జిట్ స్టాంప్, తర్వాత బస్సులో బ్రిడ్జి దాటి లావోస్ కౌంటర్‌లో ఎంట్రీ స్టాంప్. లావోస్ ఈ-వీసా తీసుకునేవాళ్లు అందులోని గేట్ల లిస్టులో తమ చెక్‌పోస్ట్ ఉందో లేదో ముందే చూసుకోవాలి. రాజధాని వియంటియాన్ దగ్గరున్న ఈ బ్రిడ్జి లిస్టులో ఉంది. చిన్న చిన్న చెక్‌పోస్టులన్నీ లేవు.

నామ్ ఫావ్ - కావ్ చెవ్: వియంటియాన్ నుంచి వియత్నాం వైపు వెళ్లే బస్సులు వాడే బోర్డర్లలో ఇదొకటి. రాత్రి చేరిన బస్సులు పొద్దున చెక్‌పోస్ట్ తెరిచేదాకా ఆగాల్సిందే. భారతీయులకు వియత్నాంలో వీసా ముందే తీసుకుని ఉండాలి. 2023 ఆగస్ట్ 15 నుంచి ఈ-వీసాను 90 రోజులకు పెంచారు. సింగిల్ ఎంట్రీకి 25 డాలర్లు, మల్టిపుల్ ఎంట్రీకి 50 డాలర్లు. రిజెక్ట్ అయినా ఫీజు తిరిగి రాదు. అప్లికేషన్‌లోనే ఏ గేటు నుంచి వస్తారని అడుగుతారు. ఏదో ఒకటి అని హనోయ్ ఎయిర్‌పోర్ట్ టిక్ చేసి, తీరా బస్సులో ఇంకెక్కడికో వెళ్లే ప్లాన్ పెట్టుకోవద్దు. బస్సు ఏ చెక్‌పోస్ట్ మీదుగా వెళ్తుందో టికెట్ తీసుకునేటప్పుడే అడిగి, అది ఈ-వీసా లిస్టులో ఉందో లేదో చూసుకుని, అదే గేటు పేరు రాయాలి.

మళ్లీ బ్యాంకాక్: హనోయ్ నుంచి ఫ్లైట్‌లో తిరిగి వస్తారు. ఇక్కడి నుంచి ఇంటికి వెళ్లే టికెట్ విడిగా తీసుకుని ఉంటే, బ్యాగ్ తీసుకుని మళ్లీ చెక్-ఇన్ చేయాలి కాబట్టి థాయ్‌లాండ్‌లోకి ఎంట్రీ అవ్వాల్సి రావచ్చు. మళ్లీ అరైవల్ కార్డ్, మళ్లీ ఇమిగ్రేషన్. చవగ్గా వస్తున్నాయని రెండు వేర్వేరు టికెట్లు కొనేవాళ్లు మధ్యలో దిగే దేశానికి వీసా కావాలా అనేది తప్పకుండా చూసుకోవాలి.

చూశారుగా.. అందుకే ప్లాన్ వేసేటప్పుడు దేశాల లిస్ట్ కాదు, గేట్ల లిస్ట్ రాసుకోవాలి. ప్రతి గేటు పక్కన మూడు విషయాలు: ఇక్కడ నా వీసా చెల్లుతుందా? ఈ గేటు ఎన్నింటికి తెరుస్తారు? ఇక్కడ ఆపేస్తే వెనక్కి వెళ్లడానికి నా దగ్గర వీసా ఉందా?

రోడ్డు బోర్డర్‌లో చేసే పొరపాట్లు

ఎయిర్‌పోర్ట్‌లో స్టాంప్ వేయించుకోకుండా బయటికి రాలేం. రోడ్డు బోర్డర్ అలా ఉండదు. కొన్ని చోట్ల ఇమిగ్రేషన్ ఆఫీసు రోడ్డు పక్కన చిన్న బిల్డింగ్. జనంతో పాటు నడుచుకుంటూ వెళ్లిపోతే దాన్ని దాటేసే ప్రమాదం ఉంది. ఎగ్జిట్ స్టాంప్ లేకపోతే అవతలి దేశం వెనక్కి పంపుతుంది. ఎంట్రీ స్టాంప్ లేకపోతే రేపు ఆ దేశం నుంచి బయటికి వచ్చేటప్పుడు అక్రమంగా వచ్చినట్టు లెక్క. స్టాంప్ పడ్డాక కౌంటర్ దగ్గరే తేదీ సరిచూసుకోవాలి. తప్పు ఉంటే అక్కడే సరిచేస్తారు. వంద కిలోమీటర్లు వెళ్లాక గుర్తొస్తే ఏమీ చేయలేరు.

బోర్డర్‌కి కాస్త ముందు బస్సు ఆపి "వీసా ఇక్కడే తీసుకోవాలి" అని చెప్పే ప్రైవేట్ కౌంటర్లు ఉంటాయి. అసలు ఫీజు కంటే ఎక్కువ లాగుతారు. వీసా ఇచ్చేది ప్రభుత్వ కౌంటరే. పాస్‌పోర్ట్ ఎవరి చేతికీ ఇచ్చి పంపొద్దు.

ఇంకో సంగతి.. బోర్డర్ ఎప్పుడైనా మూతపడొచ్చు. బ్యాంకాక్ నుంచి ఆంగ్‌కోర్ వాట్‌కి బస్సులో వెళ్లడం ఏళ్ల తరబడి బ్యాక్‌ప్యాకర్లకు మామూలు రూట్. 2025లో థాయ్‌లాండ్, కంబోడియా సైన్యాల మధ్య ఘర్షణలు జరగడంతో ఆ భూ సరిహద్దు గేట్లు మూతపడ్డాయి. అదే ఏడాది ఏప్రిల్‌లో పహల్గామ్ దాడి తర్వాత మన అటారీ చెక్‌పోస్ట్ కూడా మూసేశారు. అందుకే రోడ్డు మీద వెళ్లేవాళ్లు చివరి నిమిషంలో ఒక ఫ్లైట్ టికెట్ కొనగలిగే డబ్బు పక్కన పెట్టుకోవాలి.

మొదటి గేటు శంషాబాద్‌లోనే

మనం దాటే మొదటి బోర్డర్ విదేశంలో లేదు. శంషాబాద్‌లోనో, వైజాగ్‌లోనో ఉన్న మన ఇమిగ్రేషన్ కౌంటరే మొదటి గేటు. పాతికేళ్ల కుర్రాడు ఒంటరిగా, టూరిస్ట్‌గా థాయ్‌లాండ్ వెళ్తున్నానంటే అక్కడ ఇప్పుడు ఎక్కువ ప్రశ్నలు వస్తాయి. ఏం పని చేస్తారు, ఎవరు పంపిస్తున్నారు, ఎక్కడ ఉంటారు అని అడుగుతారు. చాలామందికి ఇది అవమానంగా అనిపిస్తుంది. దీనికి కారణం ఉంది.

డేటా ఎంట్రీ ఉద్యోగాలని చెప్పి టూరిస్ట్ వీసా మీద పంపి, కంబోడియా, మయన్మార్‌లోని సైబర్ మోసాల అడ్డాలకు అమ్మేసిన కేసుల్లో తెలుగు యువకులు కూడా ఉన్నారు. 2024 మేలో విశాఖ పోలీసులు ఇలాంటి ఏజెంట్లను అరెస్ట్ చేశారు. 2025 మార్చిలో మయన్మార్‌లోని మయవాడి ప్రాంతం నుంచి బయటపడిన 500 మందికి పైగా భారతీయులను థాయ్‌లాండ్ మీదుగా వాయుసేన విమానాల్లో వెనక్కి తీసుకొచ్చారు. వాళ్లలో చాలామంది కథ ఒకటే.. బ్యాంకాక్‌లో ఉద్యోగం అన్నారు, అక్కడి నుంచి కార్లో ఎక్కించుకుని స్టాంప్ లేకుండా బోర్డర్ దాటించారు.

ఇది గుర్తుపెట్టుకోండి. టూరిస్ట్ వీసా మీద ఉద్యోగం ఉండదు. "ముందు విజిట్ మీద వెళ్లు, అక్కడికెళ్లాక మారుస్తాం" అని ఏజెంట్ అంటే ఆగిపోవాలి. స్టాంప్ లేకుండా ఎవరైనా బోర్డర్ దాటిస్తామంటే ఆ క్షణం నుంచి మీరు ఎక్కడున్నారో చెప్పే రికార్డు కూడా ఉండదు.

పాస్‌పోర్ట్‌లో ఈసీఆర్ అని ఉంటే మరో రూల్ ఉంది. గల్ఫ్ దేశాలతో కలిపి 18 దేశాలకు ఉద్యోగానికి వెళ్లాలంటే వీళ్లకు ఎమిగ్రేషన్ క్లియరెన్స్ కావాలి. థాయ్‌లాండ్, మలేషియా, ఇండోనేషియా కూడా ఆ లిస్టులో ఉన్నాయి. టూరిస్ట్‌గా వెళ్తే క్లియరెన్స్ అక్కర్లేదు కానీ రిటర్న్ టికెట్, హోటల్ బుకింగ్ లాంటివి చూపించడానికి రెడీగా ఉండాలి. పదో తరగతి పాసైన సర్టిఫికెట్ ఉంటే ఈసీఆర్ తీయించుకోవచ్చు.

మన ఇంటిపేరుతో వచ్చే చిక్కు

తెలుగువాళ్లకు ప్రత్యేకంగా ఉండే తలనొప్పి ఇది. మన ఇంటిపేరు ముందు ఉంటుంది. సర్టిఫికెట్లలో అక్షరాలుగా మాత్రమే ఉంటుంది. పాస్‌పోర్ట్‌లో కొందరికి సర్‌నేమ్ గడి ఖాళీగా ఉండి, మొత్తం పేరు ఒకే గడిలో ఉంటుంది. ఈ-వీసా ఫారంలో మాత్రం అలవాటు కొద్దీ వేరేలా నింపేస్తారు. పాస్‌పోర్ట్‌తో ఒక్క అక్షరం తేడా వచ్చినా కౌంటర్‌లో అది వేరే మనిషి వీసా అవుతుంది.

పాస్‌పోర్ట్ ఫొటో పేజీ కింద బాణం గుర్తులతో రెండు లైన్లు ఉంటాయి. మెషీన్ చదివేది వాటినే. పేరు అందులో ఎలా ఉందో అలాగే నింపాలి. ఒకే పదం పేరు ఉన్నవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. పాస్‌పోర్ట్‌లో ఒకే పదం ఉంటే విజిట్ వీసా మీద రానివ్వబోమని 2022 నవంబర్‌లో యూఏఈ ప్రకటించింది. అలాంటి పాస్‌పోర్ట్ ఉంటే ట్రిప్ ప్లాన్ చేయకముందే ఇంటిపేరు చేర్పించుకోవడం నయం.

నేపాల్, భూటాన్‌కి ఆధార్ చాలా?

చాలదు. నేపాల్‌కి భారతీయులకు వీసా లేదు. కానీ విమానంలో వెళ్లాలంటే పాస్‌పోర్ట్ లేదా ఓటర్ ఐడీ ఉండాలి. ఆధార్‌ను 15 ఏళ్ల లోపు పిల్లలకు, 65 ఏళ్లు దాటినవాళ్లకు మాత్రమే ఒప్పుకుంటారు. భూటాన్‌కి కూడా వీసా అక్కర్లేదు, కానీ ఎంట్రీ పర్మిట్ తీసుకోవాలి. దానితో పాటు మనవాళ్లు రాత్రికి రూ. 1,200 చొప్పున ఫీజు కట్టాలి. ఐదు రాత్రులంటే మనిషికి రూ. 6,000.. బడ్జెట్‌లో ఇది చాలామంది మర్చిపోతారు.

పాస్‌పోర్ట్ పోతే?

ముందు దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌లో రిపోర్ట్ ఇవ్వాలి. దాంతో భారత ఎంబసీకి వెళ్తే కొత్త పాస్‌పోర్ట్‌కి అప్లై చేసుకోవచ్చు, లేదా ఎమర్జెన్సీ సర్టిఫికెట్ తీసుకోవచ్చు. ఈ సర్టిఫికెట్ ఇండియాకి తిరిగి రావడానికి మాత్రమే పనికొస్తుంది, మిగతా ట్రిప్ అక్కడితో ఆగిపోయినట్టే. ఎంట్రీ స్టాంప్ కూడా పాత పాస్‌పోర్ట్‌తోనే పోతుంది కాబట్టి బయటికి రావడానికి ఆ దేశ ఇమిగ్రేషన్ ఆఫీసు అనుమతి కూడా తీసుకోవాల్సి రావచ్చు. అందుకే ప్రతి బోర్డర్ దాటగానే కొత్తగా పడ్డ స్టాంప్‌ని ఫోన్‌లో ఫొటో తీసి ఇంట్లోవాళ్లకు పంపండి. మీరు ఏ దేశంలో, ఏ తేదీ నుంచి ఉన్నారో చెప్పే సాక్ష్యం అదే.

బయల్దేరే ముందు ఒక్కసారి..

* తిరిగొచ్చే తేదీ నాటికి కూడా పాస్‌పోర్ట్‌కి ఆరు నెలల గడువు ఉందా? ఖాళీ పేజీలు ఉన్నాయా?
* వీసా సైట్ ఆ దేశ ప్రభుత్వానిదేనా? గూగుల్‌లో పైన వచ్చే యాడ్ లింకులు చాలావరకు ఏజెంట్లవి.
* ప్రతి గేటు పేరు ఈ-వీసా లిస్టులో ఉందా?
* సింగిల్ ఎంట్రీయా, మల్టిపుల్ ఎంట్రీయా? మళ్లీ వెనక్కి రావాల్సిన దేశం ఏదైనా ఉందా?
* అరైవల్ కార్డ్ నింపారా?
* వీసా, రిటర్న్ టికెట్, హోటల్ బుకింగ్, ఇన్సూరెన్స్ ప్రింట్లు బ్యాగ్‌లో ఉన్నాయా? బోర్డర్‌లో నెట్ రాకపోవచ్చు.
* రెండు మూడు పాస్‌పోర్ట్ ఫొటోలు, కొన్ని కొత్త డాలర్ నోట్లు ఉన్నాయా?
* రూట్ మొత్తం, తేదీలతో సహా ఇంట్లో ఒకరికి తెలుసా?

ఫీజులు, రోజులు, రూల్స్ ఎప్పటికప్పుడు మారుతుంటాయి. మీ ఫ్రెండ్ పోయినేడాది వెళ్లొచ్చిన రూట్ ఈ ఏడాది అలాగే ఉండాలని లేదు. టికెట్ బుక్ చేసే ముందు ఆయా దేశాల ఎంబసీ వెబ్‌సైట్ చూడటానికి పట్టేది పది నిమిషాలు. ఆ పది నిమిషాలు పెట్టకపోతే, ఏ కొండల మధ్యనో చెక్‌పోస్ట్ బయట బ్యాగ్ మీద కూర్చుని తర్వాతి బస్సు కోసం చూడాల్సి వస్తుంది.. అది కూడా వెనక్కి వెళ్లే బస్సు.